బడికి పోనని మొండికేసినోడే... జిల్లా ఫస్టు!

* సరిహద్దు బడుల్లో మన పిల్లలకు అడ్డం పడేది చదువా, భాషా?
* కాంచీపురం తెలుగు బడిలో రామానుజన్ పడ్డ పాట్లు
* తెలివున్నా అక్షరం రాకపోతే ఏం చేయాలి?

కడంబత్తూరు:

అరక్కోణం లోకల్ దిగి కడంబత్తూరు ప్లాట్‌ఫారం మీద ఒక్క నిమిషం నిలబడండి. పసుపు బోర్డు మీద ఊరి పేరు తమిళంలో ఉంటుంది. రోజూ చూసేదే కాబట్టి టక్కున చదివేస్తారు. అదే పేరును అక్షరం తర్వాత అక్షరంగా తెలుగులోకి దించి చూడండి. క-ట-మ్-ప-త్-తూ-ర్ అని వస్తుంది. అంటే రాసింది 'కటంపత్తూర్'. చదవాల్సింది కడంబత్తూర్.

'ట' ఎందుకు 'డ' అయింది? 'ప' ఎందుకు 'బ' అయింది? మరి 'త్తూ' మాత్రం 'ద్దూ' ఎందుకు కాలేదు? తమిళ ఇంట్లో పుట్టిన ఆరేళ్ల పిల్లాడిని అడిగితే తెల్లమొహం వేస్తాడు. వాడికి కారణం తెలీదు. తెలియాల్సిన పనీ లేదు. మాట ముందే నోట్లో ఉంది కాబట్టి అక్షరాలు ఎట్లున్నా నోరు దానంతటదే సరిగ్గా తిరుగుతుంది.

తెలుగింటి పిల్లాడికి ఆ సౌకర్యం లేదు. ఇంట్లో అవ్వ, తాత, అమ్మ, నాయన మాట్లాడేది తెలుగు. వీధిలో ఆడుకునేటప్పుడు నాలుగు తమిళం ముక్కలు వస్తాయి. పుస్తకంలో ఉండే తమిళం ఆ వీధి తమిళం కాదు. వాడికి మాట తెలీదు, అక్షరమేమో నాలుగు రకాలుగా పలుకుతుంది. అక్కడ ఆగిపోతాడు. వారానికో పాఠం ముందుకు పోతుంటే వీడు వెనకే ఉండిపోతాడు. మూడో తరగతికి వచ్చేసరికి బడిలో 'మక్కు' అంటారు, ఇంట్లో 'మొద్దు' అంటారు. రెండు భాషల్లోనూ బిరుదు వచ్చేస్తుంది, చదువు మాత్రం ఏ భాషలోనూ రాదు.

తిరువళ్లూరు, తిరుత్తణి, పళ్లిపట్టు, ఊత్తుకోట చుట్టుపక్కల తెలుగిళ్లలో ఈ కథ కొత్తది కాదు. "మావాడికి బుర్రలో ఏమీ ఎక్కదప్పా" అనేసి, పదో తరగతి దాటకముందే ఏదో ఒక పనికి పంపేసిన తల్లిదండ్రులు కొందరైనా ప్రతి ఊళ్లో కనబడతారు. బుర్రలో ఎక్కకపోవడానికి కారణం ఏంటని చూసినవాళ్లే తక్కువ.

కంచిలో తెలుగు బడి... కూర్చోలేని తమిళ పిల్లాడు

ఇదే కథ తిరగేసి జరిగిన సంగతి ఒకటుంది. మనకు అట్టే దూరం కాదు, కాంచీపురంలోనే. పిల్లాడు కూడా సామాన్యుడు కాదు. లెక్కల మేధావి శ్రీనివాస రామానుజన్.

1887 డిసెంబరు 22న ఈరోడులో పుట్టాడు. నాన్న కుంభకోణంలో చీరల దుకాణం గుమస్తా. పుట్టిన మొదటి మూడేళ్లు దాదాపుగా మాటే రాలేదు. మూగవాడేమోనని తల్లి కోమలతమ్మాళ్ హడలిపోయింది. కాంచీపురంలోని అమ్మమ్మగారింట్లో పెద్దలు అక్షరాభ్యాసం చేయించారు. నేల మీద మందంగా బియ్యం పరిచి, పిల్లాడి వేలు పట్టి దిద్దిస్తూ, దిద్దిన అక్షరాన్ని పైకి పలికించారు. కొద్ది రోజులకే మాటలొచ్చాయి. తమిళంలో ఉన్న 12 అచ్చులు, 18 హల్లులు, వాటి 216 గుణింతాలూ పట్టుబడ్డాయి. రాబర్ట్ కానిగెల్ 1991లో రాసిన రామానుజన్ జీవిత చరిత్రలో ఈ వివరాలన్నీ ఉన్నాయి.

1892 అక్టోబరు 1, విజయదశమి నాడు పిల్లాణ్ణి వీధిబడిలో వేశారు. అక్కడ్నుంచి మొదలైంది తిరుగుడు. రెండు మూడేళ్లలోనే ఆ ఊరి బడి, ఈ ఊరి బడి అంటూ మారుతూ పోయాడు. తాతకు ఉద్యోగం పోతే ఓ ఊరు, ఇంట్లో చావు జరిగితే ఇంకో ఊరు. 1894 మార్చిలో కాంచీపురంలో చేర్చిన బడిలో పాఠాలు చెప్పేది తమిళంలో కాదు, తెలుగులో! ఇంట్లో తమిళం తప్ప వేరే మాట లేని ఆరేళ్ల పిల్లాడు తెలుగు బడిలో పడ్డాడు.

ఏం జరిగిందో మనం ఊహించుకోవచ్చు గానీ ఊహించాల్సిన పని లేకుండానే చరిత్రలో ఉంది. చేతులు కట్టుకుని, నోటి మీద వేలేసుకుని కూర్చోమని శిక్షలు వేశారు. పిల్లాడు రోషంతో లేచి బడి బయటికి నడిచేసేవాడు. తర్వాత మద్రాసు పంపితే అక్కడా అంతే. బడికి పోనంటే పోనని మొండికేశాడు. చివరికి ఇంట్లోవాళ్లు విసిగిపోయి, బడికి పోయేలా చూడమని ఒక పోలీసు కానిస్టేబుల్‌ను పురమాయించారు! ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ కుంభకోణం చేరాడు.

ఆ రోజుల్లో ఆ పిల్లాడి రిపోర్టు కార్డు ఎవరైనా రాసుంటే ఏం రాసుండేవారు? మాట ఆలస్యం, మొండితనం, క్రమశిక్షణ లేదు, చదువు మీద శ్రద్ధ లేదు. ఇప్పుడు మన బడుల్లో రాసేది అదే కదా.

కుంభకోణంలో తన భాష, తన ఇల్లు, ఒక్క చోట స్థిరంగా చదువు. అంతే. 1897 నవంబరులో జరిగిన ప్రైమరీ పరీక్షలో జిల్లా మొత్తానికి ఎక్కువ మార్కులు ఆ పిల్లాడివే. అప్పటికి ఇంకా పదేళ్లు కూడా నిండలేదు. ఇంగ్లీషు, తమిళం, లెక్కలు, భూగోళం, అన్నిట్లోనూ. మూడేళ్ల కిందట కానిస్టేబుల్ కాపలా పెట్టింది వీడికేనా అనిపిస్తుంది.

ఇక్కడో మాట. రామానుజన్‌కు డిస్లెక్సియా ఉందని కొందరు, ఐన్‌స్టీన్‌కు కూడా ఉందని కొందరు రాసేస్తుంటారు. చనిపోయినవాళ్లకు ఎవరూ పరీక్ష చేయలేదు. రామానుజన్ విషయంలో మనకు తెలిసింది ఇంతే: మాట ఆలస్యమైంది, భాష కాని భాషలో బడి పెట్టారు, ఊళ్లు తిప్పారు. పిల్లాడు ఎదురు తిరిగాడు. కుదురు దొరికితే గెలిచాడు. అది చాలు మనకు.

'తొణ్ణూరు' అంటే ఎంత?

అక్షరాల గొడవ ఒక్కటే కాదు, లెక్కలు కూడా. లెక్కలకు భాష అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. ఒకటో ఎక్కం దగ్గరే ఆ భ్రమ తీరిపోతుంది.

తమిళంలో 9 'ఒన్బదు'. 90 ఏమో 'తొణ్ణూరు'. 900 అయితే 'తొళ్లాయిరం'. మన తెలుగిళ్లలో, అందులోనూ ఈ వైపు పల్లెల్లో, తొమ్మిది వందలను 'తొమ్మన్నూరు' అంటారు. నూరు అంటే వంద అని మనోడికి పుట్టినప్పట్నుంచీ తెలుసు. టీచరమ్మ 'తొణ్ణూరు' రాయమంటే వాడు 900 రాస్తాడు. తప్పు! 'తొళ్లాయిరం' అంటే అందులో ఆయిరం ఉంది, వెయ్యి కదా అని వేలల్లోకి పోతాడు. అదీ తప్పు! పోనీ నూరు అన్నది వినిపిస్తే ఎప్పుడూ వంద కాదనుకుందామా అంటే 800 'ఎణ్ణూరు'. అక్కడ నూరు అంటే నూరే.

ఈ పిల్లాడికి లెక్కలు రావని తేల్చేశారనుకోండి. నిజానికి వాడు తన భాష ప్రకారం సరిగ్గానే ఆలోచించాడు. స్థానాలు తెలుసు, వందలు తెలుసు. పేరు దగ్గర దెబ్బ తిన్నాడు. అదే లెక్కను అంకెల్లో రాసిచ్చి చూడండి. గబగబా చేసేస్తే లోపం లెక్కలో లేదు.

అక్షరాల విషయంలోనూ అంతే. న్యాయంగా చెప్పాలంటే తమిళం అక్షరాల్లో సులువే. ఖ, ఘ, థ, ధ లాంటి ఒత్తుల గొడవ లేదు. మన 'స్త్ర', 'క్ష్మ' లాంటి వత్తుల మీద వత్తులూ ఉండవు. హల్లు మీద చుక్క పెడితే పొల్లు అయిపోతుంది. అక్షరాలు తక్కువ కాబట్టి ఒక్కో అక్షరం ఎక్కువ పని చేస్తుంది. క, గ రెంటికీ ఒకటే. ట, డ రెంటికీ ఒకటే. త, ద రెంటికీ ఒకటే. ప, బ రెంటికీ ఒకటే. దీనికి ఓ పద్ధతుంది. మాట మొదట్లో వస్తే గట్టిగా పలకాలి. రెండు అచ్చుల మధ్య ఒంటరిగా వస్తే మెత్తగా పలకాలి. 'న', 'మ' లాంటి ముక్కుతో పలికే పొల్లు తర్వాత వచ్చినా మెత్తగానే. జంటగా వస్తే మళ్లీ గట్టిగా. కడంబత్తూరు బోర్డులో ఈ నాలుగూ ఉన్నాయి. మొదటి 'క' గట్టిది. అచ్చుల మధ్య 'ట' మెత్తబడి 'డ' అయింది. 'మ్' తర్వాతి 'ప' మెత్తబడి 'బ' అయింది. జంటగా ఉన్న 'త్తూ' గట్టిగానే ఉండిపోయింది.

ఈ నాలుగు ముక్కలు తెలుగింటి పిల్లాడికి తెలుగులో చెబితే సగం తలనొప్పి తగ్గుతుంది. తమిళ పుస్తకంలో ఇది ఒకటో తరగతిలో ఉండదు. ఉండాల్సిన పనీ లేదు, తమిళ పిల్లలకు అది అక్కర్లేదు కాబట్టి. చెప్పాల్సింది మనవాళ్లే.

అయితే ఈ సూత్రం సంస్కృతం, ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలకు, పేర్లకు పనిచేయదు. 'బాబు' అనే పిల్లాడు తన పేరు తమిళంలో రాసుకుంటే అక్షరాల ప్రకారం 'పాపు' అవుతుంది. దివ్య 'తివ్యా' అవుతుంది. గీత 'కీతా' అవుతుంది. సొంత పేరు దగ్గరే బిడ్డకు తికమక. దీనికి తోడు 'న' మూడు రకాలు. రెండు సుళ్ల న, మూడు సుళ్ల ణ అని తమిళ పిల్లలు పాటలాగా చెప్పుకుంటారు. 'ల' కూడా మూడు. అందులో 'వాళైపళం'లో వచ్చేది మన అక్షరమాలలో లేనే లేదు. నాలుక ఎక్కడ పెట్టాలో ఎవరైనా చూపిస్తే తప్ప రాదు.

భాష సమస్యా? ఇంకేదైనానా?

అసలు చిక్కు ఇక్కడుంది. భాష కొత్త కావడంతో వెనకబడే పిల్లలు వేరు. ఏ భాషలో చెప్పినా అక్షరం పట్టుబడని పిల్లలు వేరు. బయటికి ఇద్దరూ ఒకేలా కనబడతారు. మందు మాత్రం ఒకటి కాదు.

రెండో రకానికి డాక్టర్లు పెట్టిన పేరే డిస్లెక్సియా. ఈ మాటను 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మనీ కంటి డాక్టరు వాడుకలోకి తెచ్చారు. రామానుజన్ పుట్టిన సంవత్సరమే. 1896 నవంబరులో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండు డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెర్సీ అనే 14 ఏళ్ల పిల్లాడి గురించి రాశారు. ఏడేళ్లుగా మంచి బడిలో చదువుతున్నా చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. తన పేరులోని అక్షరాలే తారుమారు చేసి 'ప్రెసీ' అని రాసేవాడు. కళ్లు బాగున్నాయి. అంకెలు మాత్రం ఇబ్బంది లేకుండా చదివేవాడు, బీజగణితం లెక్క కూడా చేశాడు. అన్నీ నోటితోనే అడిగితే బడిలో అందరికన్నా వీడే తెలివైనవాడని వాడి పంతులు చెప్పినట్టు ఆ డాక్టరు రాశారు.

నూటపాతికేళ్లు దాటినా అసలు సంగతి మారలేదు. డిస్లెక్సియా అంటే తెలివి తక్కువ కావడం కాదు. కంటిచూపు దోషమూ కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, ఒక్కో ధ్వనిని ఒక్కో అక్షరానికి అతికించే పని మెదడులో నిదానంగా జరుగుతుంది. అందుకే నోటితో కథ చెప్పమంటే చక్కగా చెప్పే పిల్లాడు అదే కథ చదవమంటే చెమటలు కక్కుతాడు. 2007 డిసెంబరులో ఆమిర్‌ఖాన్ సినిమా 'తారే జమీన్ పర్' వచ్చాక ఈ మాట పట్నాల్లో ఇళ్లకు చేరింది. పల్లెల్లో ఇప్పటికీ 'మొద్దు' అన్న మాటే చెల్లుబాటవుతోంది.

మరి ఇంట్లో తేడా కనుక్కునేదెట్లా? డాక్టరు పని డాక్టరుదే. కానీ అక్కడికి పోయేముందు అమ్మానాన్నలు గమనించగలిగినవి కొన్నున్నాయి. మొదట కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. చెవిలో చీము, దూరం కనబడకపోవడం లాంటి వాటితోనే ఏడాది చదువు పోగొట్టుకున్న పిల్లలున్నారు. బళ్లకు వచ్చే ఆరోగ్య బృందాలు ఉచితంగా చూస్తాయి.

తర్వాత తెలుగులో ఆడించండి. 'పలక'లో 'ప' తీసేస్తే ఏం మిగులుతుందిరా అంటే 'లక' అనాలి. 'బండి'లాగా వినబడే ఇంకో మాట చెప్పమంటే 'గండి' అనో 'కుండీ' అనో ఏదో ఒకటి తడుముకోకుండా రావాలి. అవ్వ చెప్పిన కథ తిరిగి చెప్పగలగాలి. ఇవన్నీ తెలుగులో బాగా చేస్తూ, తమిళ పుస్తకం దగ్గరే ఆగిపోతే అది చాలావరకు భాష సమస్య. తెలుగులో కూడా ధ్వనుల ఆట ఆడలేక, తెలుగు అక్షరాలు నెలలకు నెలలు నేర్పినా నిన్నటిది ఇవాళ మరిచిపోతూ, కుడి ఎడమలు తికమక పడుతూ, ఇంట్లో అన్నకో మామకో చిన్నప్పుడు ఇదే ఇబ్బంది ఉందని తెలిస్తే మాత్రం చూపించాల్సిందే. ఇంట్లో ఒకరికి ఉంటే ఇంకొకరికి వచ్చే అవకాశం ఎక్కువ.

తొందరపడి ఒకటో తరగతిలోనే ముద్ర వేసేయకూడదు. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా మూడో తరగతి లేదా ఎనిమిదేళ్ల వయసు దగ్గర టీచర్లు మొదటి వడపోత చేయాలని ఉంది. అలాగని ఎనిమిదో తరగతి దాకా ఆగకూడదు. తమిళనాట ఎనిమిది దాకా పిల్లాణ్ణి అదే తరగతిలో ఆపేయరు. అది మంచిదే. కాకపోతే పై తరగతికి పోయాడు కదా అని ఇంట్లో నిశ్చింతగా ఉంటారు. తొమ్మిదిలో గుండె ఆగినంత పనవుతుంది.

బియ్యంలో దిద్దించడం ఉత్త ఆచారం కాదు

డిస్లెక్సియా ఉన్న పిల్లలకు నేర్పే పద్ధతికి ఓ పునాది ఉంది. అక్షరాన్ని కంటితో చూడాలి, చెవితో వినాలి, నోటితో పలకాలి, వేలితో దిద్దాలి. నాలుగూ ఒకేసారి జరగాలి. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే డాక్టరు, అన్నా గిల్లింగ్‌హామ్ అనే టీచరు 1930ల్లో ఈ దారి వేశారు. ఇప్పటికీ ప్రపంచమంతా దాన్నే కొద్ది కొద్ది మార్పులతో వాడుతున్నారు.

కాంచీపురంలో మూడేళ్ల రామానుజన్ చేత బియ్యంలో చేయించింది అదే కదా! మనవాళ్లు శాస్త్రం తెలిసి చేశారని గొప్పలు చెప్పుకోనక్కర్లేదు. ఇసకలో, బియ్యంలో దిద్దించే అలవాటు మన ఇళ్లలో ఉండేది, అది పనిచేసేది, అంతే. ఇప్పుడు అక్షరాభ్యాసం రోజు ఫొటో కోసం ఒక్క 'ఓం' రాయించి పళ్లెం ఎత్తేస్తున్నాం. అదే పళ్లెం మూడు నెలలు ఉంచితే ఖర్చేముంది?

ఒకేసారి పది అక్షరాలు వద్దు. రోజుకు ఒకటి రెండు. ఒకేలా కనబడేవి పక్కపక్కన నేర్పకండి. తెలుగులో 'వ', 'ప' ఒకే రోజు చెబితే తికమకే. తమిళంలో మూడు 'న'లూ ఒకే వారం చెప్పినా అంతే. కొత్త తమిళ మాట ముందు నోటికి రావాలి, తర్వాతే పుస్తకంలో చూపించాలి. 'మరం' అంటే చెట్టు అని తెలిశాక, ఆ మాట నాలుగుసార్లు వాడాక, అప్పుడు అక్షరాలు చూపిస్తే ఎక్కుతుంది. తిరగేసి చేస్తే అక్షరాలు కూడబలుక్కుంటాడు గానీ అర్థం రాదు.

బడుల్లోనూ ఒక మంచి మార్పు వచ్చింది. కరోనాలో బడులు మూతపడ్డాక, చిన్న తరగతుల పిల్లల కోసం తమిళనాడు ప్రభుత్వం 'ఎణ్ణుం ఎళుత్తుం' పథకాన్ని 2022 జూన్‌లో ప్రారంభించింది. ప్రారంభించింది మన తిరువళ్లూరు జిల్లాలోనే. ఇందులో పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వాళ్లకు వచ్చినదాన్ని బట్టి 'అరుంబు', 'మొట్టు', 'మలర్' అని మూడు స్థాయిలుగా కూర్చోబెట్టి చెబుతారు. మూడో తరగతి పిల్లాడికి అక్షరాలు రాకపోతే 'అరుంబు' స్థాయి నుంచే మొదలవుతుంది, అందులో చిన్నతనం లేదు. తెలుగింటి పిల్లలకు ఇది అక్కరకొచ్చేదే. మీ బిడ్డ ఏ స్థాయిలో మొదలుపెట్టాడు, ఏ స్థాయి దాకా వచ్చాడు అని టీచరును అడగండి. మార్కులు అడగడం కన్నా అది మేలు.

ఇంట్లో తెలుగు మానేస్తే తమిళం వచ్చేస్తుందనుకుని కొందరు బిడ్డతో వచ్చీరాని తమిళమే మాట్లాడుతున్నారు. ఇది మాత్రం వద్దు. బిడ్డ ఆలోచించేది, ప్రశ్న అడిగేది ఇంటి భాషలో. ఆ భాషను పీకేసి, రాని భాషను దాని స్థానంలో పెడితే రెంటికీ చెడతాడు.

తిరుత్తణి కుర్రాడు

తిరుత్తణి పేరెత్తితే సర్వేపల్లి రాధాకృష్ణన్ గుర్తుకు రాకుండా ఉండరు. రామానుజన్ కన్నా ఎనిమిదిన్నర నెలలు చిన్న. 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగింట్లో పుట్టారు. ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లిది. ఆయనకు చదువు రాకపోవడమన్న సమస్య లేదు. ఉన్నదల్లా డబ్బు సమస్యే. 1896లో తిరుపతి లూథరన్ మిషన్ బడికి, అటు తర్వాత వేలూరు ఊరిస్ కాలేజీకి, అక్కడ్నుంచి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి పోయారు. చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే నడిచింది. తత్వశాస్త్రం తీసుకోవడానికి కారణం కూడా పెద్ద ఆశయమేమీ కాదు. అదే కాలేజీలో చదివిన బంధువు ఒకాయన తన పాత పుస్తకాలు ఇచ్చారు. కొత్తవి కొనే స్తోమత లేదు. ఆ పాత పుస్తకాలు ఆయన్ను ఆక్స్‌ఫర్డ్ దాకా, 1962లో రాష్ట్రపతి పదవి దాకా తీసుకుపోయాయి.

ఆయన పుట్టిన ఊరు మాత్రం కదలకుండానే జిల్లాలు మారింది. అప్పుడు ఉత్తర ఆర్కాటు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పుతో మద్రాసు రాష్ట్రంలోకి. 1997లో తిరువళ్లూరు జిల్లాలోకి. మనుషులు అక్కడే ఉన్నారు, బడి భాష మారిపోయింది.

ఎఫ్.ఏ. ఫెయిలు

రామానుజన్ కథ జిల్లా ఫస్టుతో అయిపోతే బాగానే ఉండేది. కానీ కాలేజీలో మళ్లీ బోర్లా పడ్డాడు. లెక్కల పిచ్చిలో మిగతా సబ్జెక్టులు గాలికొదిలేశాడు. ఇంగ్లీషు వ్యాసం పేపరు పోయింది, దాంతో కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్పూ పోయింది. 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి పారిపోయాడు. ఎక్కడికి? తెలుగునాట విశాఖపట్నానికి! తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరి రెండుసార్లు ఎఫ్.ఏ. తప్పాడు. లెక్కల్లో ఆరితేరినోడు, శరీరశాస్త్రంలో గుండు సున్నా.

డిగ్రీ లేని ఆ కుర్రాడిని నమ్మింది నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు. నోటు పుస్తకాలు చూసి, నెలకు 25 రూపాయలు సొంత డబ్బు ఇచ్చారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమస్తా ఉద్యోగం దొరికింది. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాశాడు. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు.

అందరు పిల్లలూ రామానుజన్లు కారు. కానక్కర్లేదు కూడా. ఒక పనిలో పులిగా, ఇంకో పనిలో పిల్లిగా ఉండే పిల్లల్ని పరీక్షలు ఎలా జారవిడుస్తాయో చూడటానికి ఈ కథ చాలు. అప్పటి పరీక్షలో వెసులుబాటు లేదు. ఇప్పుడు ఉంది.

హక్కులున్నాయి... అడగాలి

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన కొత్త చట్టంలో 21 అయ్యాయి. అందులో డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలనూ చేర్చారు. ప్రభుత్వ వైద్యుల ధ్రువపత్రం ఉంటే పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం, చెబుతుంటే రాసిపెట్టే సహాయకుడు, ఒక భాషా పేపరు నుంచి మినహాయింపు లాంటివి అడగొచ్చు. సలహా కావాలంటే చెన్నైలో 1991 నుంచి పనిచేస్తున్న మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ ఉంది. లోకల్ ట్రెయిన్ ఎక్కితే పోయి వచ్చేయొచ్చు.

భాష సంగతి వేరు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో సొంత భాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350-ఏ అధికరణ చెబుతోంది. 1956లో ఏడో సవరణతో చేర్చారు. తమిళనాడు 2006లో తెచ్చిన చట్టంతో ఆ ఏడాది ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. ఆ పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి గొడవ కోర్టులకు ఎక్కింది. మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత 2023లో సుప్రీంకోర్టు అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు తమిళం పేపరు నుంచి మినహాయింపులు ఇచ్చాయి. అవి ఆయా సంవత్సరాలకు ఇచ్చినవి. కాబట్టి మీ బిడ్డ పదికి వచ్చే ఏడాది పరిస్థితి ఏంటో బడిలో కనుక్కోవాల్సిందే. ఎవరో చెప్పారని తమిళం వదిలేయడం మాత్రం పొరపాటు. ఉండేది ఇక్కడ, ఉద్యోగం చేసేదీ ఇక్కడే.

డిస్లెక్సియా ధ్రువపత్రం కోసం పది పరీక్షల ముందు పరుగెత్తితే కుదరదు. పరీక్ష చేయించుకోవాలి, వైద్యుల ముందుకు పోవాలి, బడి ద్వారా పరీక్షల శాఖకు దరఖాస్తు పోవాలి, అనుమతి రావాలి. తొమ్మిదో తరగతిలోనే హెడ్‌మాస్టర్ దగ్గర కూర్చుని మాట్లాడండి. పోయేటప్పుడు బిడ్డ పాత నోటు పుస్తకాలు, చిన్న తరగతుల నుంచి రాసినవి ఏవి దొరికితే అవి, పట్టుకుపోండి. పాత కాగితాలకు అమ్మేయకండి.